తీసి పారేయడం మరమ్మత్ కాదు

"కుచ్ నై హోతా సాబ్, నికాల్ దేతూఁ."

కార్ షెడ్‌లో ఈ జుమ్లా వినని వాళ్లు మనలో తక్కువ. ముందు బంపర్ కింద వేలాడే నల్ల ప్లాస్టిక్ పట్టీ స్పీడ్ బ్రేకర్‌కి తగిలి చిరుగుతుంది. ఒక పక్క ఊడిపోయి రోడ్డుకి గీసుకుంటూ టకటకమంటుంది. మెకానిక్ భాయ్ వంగి చూస్తాడు. మిగిలిన ముక్కను కూడా పీకి మూలకి విసిరేస్తాడు. చప్పుడు పోయింది, మనకి తసల్లీ దొరికింది. పైసలు కూడా అడగడు. షుక్రియా చెప్పి ఇంటికొచ్చేస్తాం.

నేను ఉర్దూ మీడియంలో చదివిన మరమ్మత్ అనే మాట తెలుగులోకి మరమ్మతుగా వచ్చి ప్రభుత్వ బోర్డుల దాకా ఎక్కింది. రెండు జబాన్లలోనూ దాని అర్థం చెడినదాన్ని బాగుచేయడమే. ఊడింది బిగించాలి, విరిగింది మార్చాలి. పీకి పారేయడాన్ని ఏ జబాన్‌లోనూ మరమ్మత్ అనరు.

ఆ పట్టీ పేరు ఎయిర్ డ్యామ్. కార్ల రివ్యూల్లో బంపర్ మధ్యలో ఉండే పెద్ద జాలీని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. నేను మాట్లాడుతున్నది జాలీ గురించి కాదు, దాని కింద, నేలకి దగ్గరగా ఉండే పట్టీ గురించి. కొందరు లిప్ అంటారు, కొందరు స్కర్ట్ అంటారు. చాలామంది దాన్ని షోకు కోసం పెట్టిన సామాను అనుకుంటారు. అక్కడే పొరపాటు మొదలవుతుంది.

కారు హైవే మీద పరిగెడుతుంటే ఎదురుగాలి కొంత జాలీలోంచి రేడియేటర్‌కి వెళ్తుంది, కొంత కారు కిందికి దూరుతుంది. కింద అంతా ఎగుడుదిగుడు. ఇంజిన్ అడుగు, సస్పెన్షన్, సైలెన్సర్ పైపు. గాలి వాటిలో చిక్కుకుని బండిని వెనక్కి లాగుతుంది, స్పీడ్ ఎక్కువైతే ముందు భాగాన్ని కాస్త పైకి లేపుతుంది కూడా. ఎయిర్ డ్యామ్ ఆ గాలిని చాలావరకు బయటే ఆపుతుంది. దాని వెనక, ఇంజిన్ కింద, గాలి ఒత్తిడి తగ్గుతుంది. రేడియేటర్‌లోంచి వచ్చిన వేడిగాలికి బయటికి పోయే దారి దొరుకుతుంది. తలుపు తెరిచి, ఎదురు కిటికీ మూసిన గదిలో గాలి ఆడదు కదా. ఇక్కడా అంతే.

అమెరికాలో 1984 మోడల్‌గా వచ్చిన కార్వెట్ కారును చూడండి. రేడియేటర్‌కి కావాల్సిన గాలిని అది బంపర్ కిందనుంచే తీసుకుంటుంది. ఆ గాలిని పైకి మళ్లించేది ఎయిర్ డ్యామే. అది విరిగితే ఆ కారు హైవే మీద వేడెక్కిపోతుంది. మన దగ్గర తిరిగే కార్లలో చాలావాటికి ముందు జాలీ ఉంటుంది కాబట్టి అంత ఖతరా లేదు. ఊళ్లో 30, 40 స్పీడ్‌లో తిరిగేవాళ్లకి తేడా తెలియకపోవచ్చు. అందుకే ఈ "కుచ్ నై హోతా" ఇన్నాళ్లుగా నడుస్తోంది.

తేడా తెలిసేది నిండా మనుషులు, డిక్కీలో సామాను, పైన మే నెల ఎండ, ఏసీ, 100 స్పీడ్ అన్నీ కలిసిన రోజున. అంటే సరిగ్గా ఖాన్‌దాన్ అంతా బండిలో ఉన్న రోజున.

రెండేళ్ల కింద మా ఇంటికి ఒక సెకండ్ హ్యాండ్ కారు వచ్చింది. అమ్మినతను కడిగి, పాలిష్ చేసి ఇచ్చాడు. అమ్మీని, పిల్లల్ని ఎక్కించుకుని కర్నూలులో ఓ షాదీకి బయల్దేరాం. ఊళ్లో ఎన్నడూ కదలని టెంపరేచర్ ముల్లు జడ్చర్ల దాటాక పైకి లేవడం మొదలుపెట్టింది. ఏసీ ఆపితే దిగుతుంది, వేస్తే ఎక్కుతుంది. అమ్మీకి బీపీ. నాలుగుసార్లు రోడ్డు పక్కన ఆపి, చెట్టు నీడ వెతుక్కుంటూ వెళ్లాం. తిరిగొచ్చాక ఒక వర్క్‌షాప్‌లో థర్మోస్టాట్ మార్చారు, ఇంకోచోట కూలెంట్ మార్చారు. ముల్లు మాత్రం మారలేదు. చివరికి ఒక ముసలి ఉస్తాద్ అఖ్బార్ పరిచి, దాని మీద పడుకుని కిందకి చూశాడు. ఎయిర్ డ్యామ్ లేదు, ఇంజిన్ కింది కవర్ లేదు, రెండు స్క్రూలు మాత్రం నిశానీగా మిగిలాయి. రేడియేటర్ నిండా దుమ్ము. ఆయన రేడియేటర్ కడిగి, పట్టీ, కవర్ రెండూ బిగించాడు. అదే రోడ్డు, అదే బరువు, ముల్లు మధ్యలోనే నిలిచింది. పట్టీ ఒక్కటే కారణమని ఉస్తాద్ అనలేదు, నేనూ అనను. కానీ పీకేసినవాడు, పీకేసిన సంగతి దాచి అమ్మినవాడు ఇద్దరూ ఆ ఎండలో మా అమ్మీ పక్కన లేరు. ఐబ్ దాచి సౌదా చేయడం మన దీన్‌లో ఎలాంటి పనో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక నిశానీ గుర్తుంచుకోండి. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో ముల్లు లేస్తే ముందు ఫ్యాన్‌ని అనుమానించండి. ఊళ్లో బాగుండి, హైవే స్పీడ్‌లో లేస్తే రేడియేటర్‌తో పాటు బంపర్ కిందకి కూడా చూడమని మెకానిక్‌కి చెప్పండి. ఎంత మజ్బూరీ ఉన్నా వేడి ఇంజిన్‌కి రేడియేటర్ మూత తీయొద్దు.

దీనికి జవాబుగా కొందరు ఇంకో పని చేస్తారు. ప్లాస్టిక్ ఆగడం లేదని ముందు ఇనుప గార్డు వేయిస్తారు. కింద ఇనుప రేకు బిగిస్తారు. నా ఎతరాజ్ దీనిమీద ఇంకా ఎక్కువ. ఎయిర్ డ్యామ్ మెత్తగా ఉండటం దాని లోపం కాదు. తగిలినప్పుడు వంగాలి, మరీ గట్టిగా తగిలితే తాను విరిగి పైనున్నవాటిని కాపాడాలి. దాని చోట ఇనుము పెడితే దెబ్బ బంపర్ బిగింపులకి, రేడియేటర్ ఫ్రేమ్‌కి పోతుంది. గార్డు సంగతి మరీ ఖరాబు. ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన ముందు భాగాన్ని దాటేసి బలమంతా చాసిస్ మీదికి వస్తుంది, ఎయిర్ బ్యాగ్ తెరుచుకునే సమయం తప్పవచ్చు. నడిచిపోయే మనిషికి తగిలితే ఎముకలు మిగలవు. మదర్సా నుంచి వచ్చే పిల్లవాడు ఆ గార్డు ఎత్తులోనే ఉంటాడు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ ఇవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి ఖిలాఫ్ అని రాష్ట్రాలకి రాసింది. అయినా మన గల్లీల్లో మెరుస్తూనే ఉన్నాయి.

మరి సరైన తరీఖా ఏది? పెద్ద ఇల్మ్ అక్కర్లేదు. మోడల్, సంవత్సరం, చాసిస్ నంబర్ చెప్పి అదే బండి పట్టీ అడగండి. షోరూమ్‌లో బంపర్ మొత్తం మార్చాలంటే తొందరపడొద్దు. చాలా బండ్లలో ఇది విడిగా దొరుకుతుంది, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత బండిదీ దొరకవచ్చు. క్లిప్పులు మాత్రం కొత్తవే వేయించండి, పాతవి ఒకసారి పీకితే పట్టు పోతుంది. బండిని జాకీతో లేపితే కింద స్టాండ్ పెట్టాల్సిందే. వట్టి జాకీ మీద నిలబడ్డ బండి కిందకి ఏ ఛోటూనీ దూరనివ్వకండి. తుప్పు పట్టిన స్క్రూలకి ఆయిల్ కొట్టి కాసేపు ఆగాలి. కొత్త పట్టీని ముందు అన్నిచోట్లా వదులుగా తగిలించి, రెండు వైపులా సమంగా ఉందో లేదో చూసి, అప్పుడు బిగించాలి. బలం చూపిస్తే ప్లాస్టిక్ రంధ్రం దగ్గర చీలుతుంది, వాషర్ వేస్తే మంచిది. చివర్లో స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి టైరుకి రాసుకోవడం లేదని తేల్చుకోవాలి.

ఇక హిఫాజత్. స్పీడ్ బ్రేకర్ మీద బ్రేక్ తొక్కితే బండి ముక్కు కిందకి వంగుతుంది, పట్టీ అక్కడే తగులుతుంది. ముందే స్పీడ్ తగ్గించి, ఎక్కే సమయానికి బ్రేక్ వదలాలి. నిటారు ర్యాంపు మీదికి నెమ్మదిగా, కొంచెం ఏటవాలుగా, ఒక టైరు తర్వాత ఒకటి ఎక్కించాలి. పార్కింగ్‌లో ఫుట్‌పాత్ అంచుకి జానెడు ముందే ఆపాలి. వానల్లో మోకాటి లోతు నీళ్లలోకి బండి దింపితే ఇంజిన్ సంగతి అటుంచి, నీటి తోపుకే క్లిప్పులు ఊడిపోతాయి.

"రోడ్లే అలా ఉంటే మేమేం చేస్తాం భాయ్" అంటారు. షికాయత్ వాజిబే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 స్పీడ్‌లో సాఫీగా దాటాలి. మన బస్తీల్లో కనిపించేవి అడుగు వెడల్పు సిమెంటు గోడలు. కానీ అవి ఎవరు కట్టారు? చాలాచోట్ల మనమే. పిల్లలు ఆడుకుంటారని రాత్రికి రాత్రి ఒక తట్ట కాంక్రీటు పోశాం. గడప ఎత్తు పెంచి ర్యాంపును రోడ్డు మీదికి దించాం. నీయత్ మంచిదే కావచ్చు, అంబులెన్స్‌లో పడుకున్న పేషెంట్ నడుముకి నీయత్ తెలియదు. ఇజాజత్ లేకుండా కట్టిన వాటిని మహల్లా పెద్దలు కూర్చుని సరిచేయించడం మన చేతిలో పనే. సరైన కొలతతో కావాలని మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టడమూ మన చేతిలో పనే.

చివరగా షెడ్లలోని మన భాయిలకి. ఈ హునర్ తరతరాలుగా ఎన్నో మన ఇళ్లకి రోజీ ఇచ్చింది. డెంటింగ్, పెయింటింగ్, ఇంజిన్ పనిలో మన ఉస్తాద్‌ల పేరు చెప్పి దూరం నుంచి బండ్లు వస్తాయి. ఆ ఇజ్జత్‌ని ఒక చిన్న పట్టీ దగ్గర పోగొట్టుకోవద్దు. "తీసేస్తే నడుస్తుంది సాబ్, కానీ హైవేకి పోతే వేయించుకోండి" అని ఒక్క మాట చెప్పండి. షాగిర్ద్‌కి పీకడం కంటే ముందు బిగించడం నేర్పండి.

కారున్నవాళ్లకి నా దర్ఖాస్త్ ఇంకా చిన్నది. ఈ జుమా రోజు నమాజ్ నుంచి వచ్చాక ఒక్కసారి బంపర్ కిందకి వంగి చూడండి. పట్టీ ఉందా, క్లిప్పులన్నీ ఉన్నాయా, ఒక పక్క వేలాడుతోందా? ఖాళీగా కనిపిస్తే, వచ్చే సఫర్‌కి ముందే వేయించండి.