పీడీఎఫ్‌కి జైలేటి?

కళింగపట్నం నుంచి బస్సులో కాలేజీకొచ్చే పిల్లకి సెమిస్టర్ పుస్తకం కావాలి. కొందామంటే రేటు చుక్కల్లో ఉంది. లైబ్రరీలో ఉన్న రెండు కాపీలూ ఎవరో పట్టుకుపోయారు. ఇంకేం చేస్తుంది, టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ దించుకుంటుంది. మనలో చాలామంది చేసేదే.

1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ చూడండి. తెలిసి ఉల్లంఘిస్తే కనీసం 6 నెలల జైలు, 50 వేల జరిమానా. లాభం కోసం చేయకపోతే కోర్టు తగ్గించొచ్చు, అదీ ప్రత్యేక కారణాలు రాసి. పైరసీ సైటు నడిపి సొమ్ము చేసుకునేవాడికీ, పరీక్షకి చదువుకునేవాళ్లకీ ఒకే సెక్షనా?

అలాగని రచయిత కష్టం ఊరికే రావాలని కాదు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు మీద పెద్ద పబ్లిషర్లు కేసు వేస్తే, పాఠానికి అవసరమైన కాపీలు తప్పు కాదని 2016లో హైకోర్టు చెప్పింది. 2025 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద కేంద్రమే డబ్బు కట్టి, ప్రభుత్వ విద్యాసంస్థలకి దాదాపు 13 వేల జర్నల్స్ ఇస్తోంది. పబ్లిషర్‌కి డబ్బు ముడుతోంది, విద్యార్థికి చదువు అందుతోంది. ఇందులోకి పాఠ్యపుస్తకాలూ, ప్రైవేటు కాలేజీలూ కూడా రావాలి.

జైలు అమ్ముకునేవాళ్లకి ఉంచండి. ముందు మన లైబ్రరీని ఈ-బుక్స్ కొనమని అందరం కలిసి అడుగుదాం. ఏటంటారు?