తేనెబంక పరీక్షలో వేళకు స్థానమేది?

రసం పీల్చే కీటకాలు విసర్జించే జిగురు ద్రవమైన తేనెబంకకు వరి సుడిదోమ నిరోధక పరిశోధనలో ప్రముఖ స్థానం ఉంది. ఒకటి రెండు గంటలు ఆకలితో ఉంచిన ఆడ దోమలను మొక్క మొదలుపై వదలి, అడుగున బ్రోమోక్రెసాల్ గ్రీన్ పట్టించిన వడపోత కాగితాన్ని పరచి, 24 గంటల తరువాత మచ్చల వైశాల్యాన్ని కొలుస్తాము. పి.టి.బి. 33 పై తక్కువగా, టి.ఎన్. 1 పై ఎక్కువగా మచ్చలు ఏర్పడితే పరీక్ష సరిగా సాగినట్లు భావిస్తాము. ఇది సులభమైన, ఖర్చు తక్కువైన పద్ధతి. దీనిని విడనాడాలని నేను అనను. అయితే ఒక దినమంతటినీ ఒకే అంకెగా కుదించడం వలన ఎంపికలో పొరపాట్లకు తావిస్తున్నామని నా అభిప్రాయం.

మొక్కలోని రసం రేయింబవళ్ళు ఒకే తీరుగా ఉండదు. పగలు కిరణజన్య సంయోగక్రియ వలన చక్కెరలు తయారై పోషక కణజాలం ద్వారా ప్రవహిస్తాయి. రాత్రి ఆ ప్రవాహం నిల్వలపై ఆధారపడుతుంది. కీటకపు జీవక్రియల వేగం ఉష్ణోగ్రతను అనుసరిస్తుంది. కాబట్టి విసర్జన పరిమాణం, గాఢత వేళను బట్టి మారడానికి అవకాశం ఉంది.

ఆకలి, దప్పికల ప్రభావం కూడా గమనించదగినది. నీరు కోల్పోయిన దోమ దారువు నుండి నీటిని పీల్చుకొంటుంది. ఆ విసర్జన కాగితంపై తెల్లని మచ్చగాను, పోషక కణజాలపు రసం తాగినప్పటి విసర్జన నీలి మచ్చగాను కనబడుతుంది. రంగు వేరు చేయక మొత్తం వైశాల్యాన్నే లెక్కించినచో, దోమ ఆహారం అందక నీటితో సరిపెట్టుకొన్న మంచి కల్చరు కూడా లొంగే రకంగా నమోదు కావచ్చును. మరొక కల్చరుపై దోమ కొన్ని గంటలు తటపటాయించి, ఆ పిమ్మట యథేచ్ఛగా రసం పీల్చవచ్చును. దాని 24 గంటల మొత్తం మధ్యస్థంగా కనబడుతుంది. కానీ దోమ రోజుల తరబడి నిలిచే పొలంలో ఆ కొద్ది గంటల ఆలస్యం రైతుకు ఏ మేలూ చేయదు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ప్రతి 6 గంటలకు కాగితం మార్చి, నీలి, తెల్లని మచ్చలను విడివిడిగా కొలవాలి. సగం పునరావృత్తులను ఉదయం 6 గంటలకు, మిగిలిన సగాన్ని సాయంత్రం 6 గంటలకు ప్రారంభించాలి. అందరూ ఉదయమే ప్రారంభించినచో, రాత్రి కనబడిన మార్పు వేళ వలన కలిగినదో, దోమ మొక్కకు అలవాటు పడినందువలన కలిగినదో తేల్చడం సాధ్యపడదు.

రాత్రి పనికి సిబ్బంది చాలరన్న అభ్యంతరం సమంజసమే. అందువలన వందలాది కల్చర్లకు కాక, నారు దశ పరీక్షలో నిలిచిన కొద్దింటికి మాత్రమే ఈ పద్ధతిని అమలు చేయవచ్చును. అదీ వీలుకాని చోట పరీక్ష ప్రారంభించిన వేళ, ఉష్ణోగ్రత, వెలుతురు వివరాలనైనా ప్రతి పరిశోధనా వ్యాసంలో తప్పక పేర్కొనాలి. అవి లేనిదే ఒక కేంద్రపు ఫలితాన్ని మరొక కేంద్రపు ఫలితంతో పోల్చడం సమర్థనీయం కాదు.