48 గంటలు అవే.. మరి ఓటీ ఎందుకు తగ్గింది? షిఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క సెట్టింగే కీలకం!

వచ్చే వారం ఎవరు ఏ షిఫ్ట్‌లో ఉండాలో ఇప్పుడు చాలా కంపెనీల్లో సాఫ్ట్‌వేరే చెబుతోంది. మేనేజర్ రోస్టర్ వేస్తుంటే, ఒక్కొక్కరి గంటలను అది వెనకాల కూడుతూ ఉంటుంది. మీకు ఇంకో షిఫ్ట్ ఇస్తే పరిమితి దాటుతుందనుకుంటే స్క్రీన్‌పై హెచ్చరిక వస్తుంది. తక్కువ గంటలు చేసినవాళ్ల పేర్లు పైకి వస్తాయి. ఉద్యోగికి విశ్రాంతి, కంపెనీకి డబ్బు ఆదా. ఇంతవరకూ బాగానే ఉంది.

అసలు విషయం ఏంటంటే.. ఆ పరిమితి ఎంతో సాఫ్ట్‌వేర్ సొంతంగా నిర్ణయించదు. కంపెనీ ఏ నంబర్ పెడితే దాని ప్రకారమే లెక్క.

తెలంగాణనే తీసుకోండి. దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చని 2025 జులైలో ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. అది దాటితే ఓటీ ఇవ్వాలి. 3 నెలల్లో ఓటీ 144 గంటలు మించకూడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక ఉద్యోగి 4 రోజులు పదేసి గంటలు, ఐదో రోజు 8 గంటలు చేశాడు. మొత్తం 48. రోజుకు 8 గంటల నిబంధన ఉంటే ఇందులో 8 గంటలు ఓటీ, అంటే డబుల్ రేటు. అదే సెట్టింగ్‌ను 10కి మార్చితే ఓటీ సున్నా! గంటకు 100 రూపాయల కూలి అనుకుంటే వారానికి 800 తేడా. పంచ్ అదే, పని అదే. చట్టం ఒప్పుకున్నదే కాబట్టి దీన్ని మోసం అనలేం. కానీ ఎన్నో తేదీ నుంచి మార్చారో ఉద్యోగికి చెప్పకపోవడం మాత్రం సమర్థించుకోలేనిది.

ఇంకోటి ఉంది, ఇది ఎక్కువమంది కంట పడదు. అరగంటలోపు అదనపు పనిని లెక్కలోకి తీసుకోవద్దని కూడా సెట్ చేయొచ్చు. రోజూ 25 నిమిషాలు ఎక్కువ ఉంటే 24 రోజులకు 10 గంటలు. పేస్లిప్‌లో కనపడేది ఏమీ ఉండదు. మేనేజర్ అప్రూవ్ చేయని ఓటీ కూడా చాలాసార్లు ఇలాగే పోతుంది. పంచ్ ఉంటుంది, డబ్బు ఉండదు.

మరి ఉద్యోగి ఏం చేయాలి? రోస్టర్, పంచ్ టైమ్ రెండింటి స్క్రీన్‌షాట్లు ప్రతి వారం తీసి పెట్టుకోవాలి. హెచ్‌ఆర్‌ను మూడే ప్రశ్నలు అడగాలి: రోజు పరిమితి ఎంత పెట్టారు? ఎన్ని నిమిషాలు దాటితే ఓటీ? ఈ 3 నెలల్లో నా 144 గంటల్లో ఎన్ని అయ్యాయి? సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటికీ జవాబు ఉంటుంది. ఉద్యోగి యాప్‌లో కనపడకపోతే, మేనేజర్ స్క్రీన్‌పై చూపించమని అడగొచ్చు.