పదోవాడి తలగాయం

విద్యారణ్యుల రచనగా పరంపర చెప్పే 14వ శతాబ్దపు అద్వైత గ్రంథం 'పంచదశి', తృప్తిదీపమనే ఏడవ ప్రకరణంలో, ఏరు దాటిన పదిమంది కథ ఆధారంగా మోక్షాన్ని విచారిస్తుంది. ఆవలి ఒడ్డున ఒకడు తనను మరచి తొమ్మిదిమందినే లెక్కపెట్టి, పదోవాడు ఏట్లో కొట్టుకుపోయాడని తల బాదుకొని ఏడుస్తుంటే, దారిన పోయే ఒక పెద్దమనిషి మొదట పదోవాడు బతికే ఉన్నాడనీ, ఆపైన ఆ పదోవాడు నువ్వేననీ చెబుతాడు.

ఆత్మవిద్య అంతా ఈ రెండు మాటల నడుమనే ఉంది. పదోవాడున్నాడని వినడం పరోక్ష జ్ఞానం, అంటే ఒకరు చెప్పగా నమ్మిన తెలివిడి. అది ఊరటనిస్తుందే గాని వెతుకులాటను ఆపలేదు. తానే ఆ పదోవాడినని ఎరుక కలగడం అపరోక్ష జ్ఞానం. అప్పుడు ఏడుపు ఆగుతుంది, అయినా కొత్తగా వచ్చి చేరినవాడెవడూ లేడు. మోక్షం కర్మ వల్ల కలగదని శంకరాచార్యులు గట్టిగా వాదించింది ఇందుకే: కర్మ లేనిదాన్ని పుట్టించాలి, దూరాన ఉన్నదాన్ని చేర్చాలి, ఉన్నదాన్ని మార్చాలి, లేదా మలినమైనదాన్ని శుద్ధి చేయాలి, నిత్యమూ నిర్వికారమూ అయిన ఆత్మ విషయంలో ఈ నాలుగూ పొసగవు. చిత్తశుద్ధికి కర్మ అవసరమని ఆయనే అంగీకరించారు గనుక, ఈ వాదాన్ని సోమరితనానికి సాకుగా వాడుకోవడం ఆయనకు అన్యాయం చేయడమే.

కథలో అంతగా ఎవరూ పట్టించుకోని అంశం ఒకటుంది. నిజం తెలిసిన క్షణానే దుఃఖం పోయినా, బాదుకున్న తలమీది పుండు మాత్రం నెల రోజులకు మెల్లగా మానుతుందని గ్రంథకర్త ప్రత్యేకంగా చెబుతాడు. ఆ పుండే ప్రారబ్ధం, అనగా ఈ దేహాన్ని ఆరంభించి, అనుభవించనిదే తీరని పూర్వకర్మ శేషం. జ్ఞానికి రోగమేమిటని అడిగేవారికి ఇంతకన్నా నిజాయితీగల సమాధానం దొరకదు.

ఈ సమాధానానికి ఒక జ్ఞాని జీవితమే నిదర్శనం. కావ్యకంఠ గణపతి ముని 'భగవాన్ రమణ మహర్షి' అని పేరుపెట్టిన అరుణాచల యోగికి, ఎడమ చేతిపై లేచిన కణితికి 1949లో నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. నయం చేసుకొమ్మని భక్తులు ప్రాధేయపడినా ఆయన దేహం గతిని దేహానికే వదిలి, 1950 ఏప్రిల్ 14న కన్నుమూసేదాకా, దర్శనానికి వచ్చేవారిని ఆపవద్దని మాత్రమే పట్టుబట్టారు.