కేస్‌షీట్‌లో లేని గడి

క్యాన్సర్ రోగి కేస్‌షీట్‌లో వయసు పక్కన ఆడా, మగా అని ఒక్క అక్షరం రాస్తారు. ప్రోస్టేట్, రొమ్ము క్యాన్సర్ల వంటి కొన్నింటిలో తప్ప, ఒంట్లో ఏ హార్మోన్ ఎంత ఉందో సాధారణంగా చూడరు. రోగనిరోధక శక్తిని కణితి మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు వచ్చాక ఆ ఒక్క అక్షరం చాలదని నా వాదన.

మూత్రాశయ క్యాన్సర్ మగవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పొగతాగడం, రంగుల పరిశ్రమల రసాయనాలు కారణమన్నారు. నిజమే, కానీ వాటిని లెక్కలోంచి తీసేసినా తేడా మిగులుతోంది. 2022లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ బృందం ఒకే రకం కణితిని ఆడ, మగ చిట్టెలుకల్లో పెంచి చూసింది. మగవాటిలో అది వేగంగా పెరిగింది. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు లేని ఎలుకల్లో మాత్రం ఆ తేడా పోయింది. అంటే లోపం కాపలాలో ఉంది. కణితిలోకి చొరబడిన సీడీ8 టీ కణాలు పోరాడీ పోరాడీ డస్సిపోతాయి; టెస్టోస్టిరాన్ వంటి ఆండ్రోజెన్లు ఆ అలసటను తొందరపెడుతున్నాయని తేలింది. వృషణాలు తీసేసిన ఎలుకల్లో కణితి మందగించింది. అదే ఏడాది ఆరెగాన్ శాస్త్రవేత్తలు మరో మెట్టు ఎక్కారు. టీ కణంలోని ఆండ్రోజెన్ గ్రాహకం కణితితో పోరుకు కావలసిన ఇంటర్‌ఫెరాన్ గామా ప్రోటీన్ తయారీని అణచివేస్తోందనీ, ఆ గ్రాహకాన్ని మందుతో అడ్డుకుంటే ఎలుకల్లో ఇమ్యునోథెరపీ మెరుగ్గా పనిచేస్తోందనీ చూపారు.

ఎలుకల సంగతి సరే, మనుషుల్లో రుజువేదని అడగవచ్చు. 2018లో 20 ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణ ఈ మందుల మేలు మగవారికే ఎక్కువంది. మరుసటి ఏడాది 23 ట్రయల్స్, 13,721 మంది రోగులతో చేసిన మరో విశ్లేషణలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ వైరుధ్యాన్ని చూసి హార్మోన్లను పక్కన పెట్టేయడం తొందరపాటు. ముప్పై ఏళ్ల స్త్రీని, మెనోపాజ్ దాటిన అరవై ఐదేళ్ల స్త్రీని ఒకే గంపలో వేసి తూచితే హార్మోన్ గురించి తెలిసేదేమిటి? పైగా ఆడ హార్మోన్ మంచిది, మగ హార్మోన్ చెడ్డది అనే సులువు లెక్క కూడా ఇక్కడ నిలవదు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్ మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను కణితికి కొమ్ముకాసేలా మారుస్తోందని, రొమ్ము క్యాన్సర్ మందు ఫుల్వెస్ట్రాంట్ దాన్ని ఆపగలదని 2021లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో చూపారు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ప్రోస్టేట్ నుంచి వస్తుంది. అక్కడ ఆండ్రోజెన్‌ను అడ్డుకునే ఎంజాలుటమైడ్‌కు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును జోడించిన పెద్ద ట్రయల్‌లో రోగుల ఆయుష్షు పెరగలేదు. దీన్ని దాటవేయకూడదు. అయితే ప్రోస్టేట్ కణితిలో సాధారణంగా టీ కణాలే తక్కువ. లేని సైనికుల అలసట తీర్చినా యుద్ధం మారదు. అందుకే అందరికీ హార్మోన్ మందు కలిపి ఇవ్వాలని నేను అనడం లేదు. ముందు కొలవాలంటున్నాను. చికిత్సల తీవ్ర దుష్ప్రభావాలు స్త్రీలలో 34 శాతం ఎక్కువని, ఇమ్యునోథెరపీలో ఆ తేడా ఇంకా పెద్దదని 2022లో అమెరికా ట్రయల్స్ సమీక్ష తేల్చింది. అందులో హార్మోన్ల వాటా ఎంతో కొలవకుండా ఎలా తెలుస్తుంది? ట్రయల్‌లో చేరేవారికి ఎలాగూ రక్తం తీస్తారు. దాంట్లోనే టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయాల్ చూడటానికి వందల్లో ఖర్చు; పరీక్షిస్తున్న మందు ఖరీదు లక్షల్లో ఉంటుంది. మెనోపాజ్ వచ్చిందా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా అన్న రెండు ప్రశ్నలకైతే ఆ ఖర్చూ లేదు.