ర్యామ్ పాడైందా... వేడెక్కిందా?

పొద్దున్నే బుద్ధిగా పనిచేసే కంప్యూటర్ మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది, లేదంటే దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. 'ర్యామ్ పోయింది' అనుకుని వెంటనే కొత్తది కొనేస్తుంటారు చాలామంది. తొందరపడకండి. అది నిజంగా పాడైందో, వేడికి తడబడుతోందో ఇంట్లోనే చాలావరకూ తేల్చుకోవచ్చు.

ర్యామ్‌లో సమాచారం అతిచిన్న కెపాసిటర్లలో విద్యుదావేశంగా ఉంటుంది. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి డీడీఆర్4 రకంలో ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి తిరిగి నింపుతుంటారు. వేడి పెరిగేకొద్దీ ఇంకా త్వరగా కారిపోతుంది. అందుకే చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపుసార్లు నింపాలన్నది నియమం. అదీ చాలకపోతే 1 కాస్తా 0 అయిపోతుంది! కంప్యూటర్ ఆగిపోతే నయమే. ఆగకుండా పిల్లల ఫొటోలనో, ఇంటి లెక్కలనో తప్పుగా సేవ్ చేస్తేనే అసలు నష్టం. అందుకే ముందు ముఖ్యమైనవన్నీ పొద్దుటిపూట వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరిచి చూసుకోండి.

తర్వాత స్టార్ట్ మెనూలో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' అని వెతికి పరీక్ష పెట్టండి. పొద్దున ఒకసారి, మూడు నాలుగు గంటలు వాడాక మరోసారి. చల్లగా ఉన్నప్పుడూ తప్పులు చూపిస్తే ర్యామ్ కార్డునో, స్లాటునో అనుమానించాలి. వేడెక్కాకే చూపిస్తే ప్రాసెసర్ వేడి కూడా చూడండి. డీడీఆర్5 కార్డుల్లో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. 'హెచ్‌డబ్ల్యూఇన్ఫో' లాంటి ప్రోగ్రాముల్లో ఆ అంకె కనిపిస్తుంది. వేలితో తాకి నిర్ణయించొద్దు. 50 డిగ్రీలున్నా చెయ్యి చురుక్కుమంటుంది, ర్యామ్‌కి మాత్రం అది మామూలే.

వేడే కారణమైతే ప్లగ్గు తీసేసి, లోపలి దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూడండి. క్యాబినెట్‌ను టేబుల్ అరలో మూసిపెట్టొద్దు. ఎయిర్ కూలర్ తేమగాలి నేరుగా తగలనివ్వొద్దు. బయోస్‌లో 'ఎక్స్‌ఎంపీ' ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. అది ఆన్‌లో ఉన్న చాలా డీడీఆర్4 కార్డులు 1.2కి బదులు 1.35 వోల్టులు తీసుకుంటాయి.

అయినా తప్పులు ఆగలేదా? ప్లగ్గు తీసి, ఏదైనా లోహాన్ని తాకి, ఒక్కో కార్డునే అదే స్లాటులో పెట్టి పరీక్షించండి. ఒక కార్డుతోనే తప్పులొస్తే దోషం దానిదే. అన్నిటితోనూ వస్తే మరో స్లాటులో చూడాలి. కొత్తది కొనేముందు వారంటీ కాగితం వెతకడం మాత్రం మర్చిపోకండి!