‘సహజం’ అన్నంత మాత్రాన క్షేమం కాదు

ఔషధానికి ద్రవ్యం ఒక్కటే చాలదు. మాత్ర, కాలం, అనుపానం, రోగి దేహబలం, అగ్నిబలం విచారించి ఇచ్చినపుడే అది ఔషధమనిపించుకొంటుంది. గురుకులంలో మాకు మందుల పేర్లకంటె ముందు రోగిపరీక్ష నేర్పినది ఇందుకే. నేడు ఆన్‌లైన్ అంగళ్లలో విక్రయిస్తున్న చూర్ణాలకు, గుళికలకు ఈ విచారణ ఎక్కడిది? ‘నూరు శాతం సహజం, దుష్ఫలితాలు లేవు, పథ్యం అక్కరలేదు’ అనే మూడు మాటలే వాటికి శాస్త్రం. ఈ మూడూ ఆయుర్వేదానికి విరుద్ధమైనవే.

సహజమైనదంతా హాని లేనిదైతే, పూర్వులు శోధన విధానాలను అంత విస్తారంగా చెప్పవలసిన పనే లేదు. వసనాభి నేలలో పుట్టిన దుంపయే. గోమూత్రంలోనో, ఆవుపాలలోనో శుద్ధి చేయనిచో అది నాలుకను తిమ్మిరెక్కించి, గుండె లయను చెరచి ప్రాణం తీయగలదు. శుద్ధి చేసినదైనా మాత్ర మించితే విషమే. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇట్టి ద్రవ్యాలను ఔషధ నియమావళిలోని ఇ(1) షెడ్యూలులో చేర్చి, వాటితో చేసిన మందులపై ‘వైద్య పర్యవేక్షణలో వాడవలెను’ అనే హెచ్చరిక ఉండాలని ప్రభుత్వం నిర్దేశించింది. వాటిని వైద్యుని చీటీ లేనిదే ఆన్‌లైనులో అమ్మరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో సూచించింది.

ఇంటర్నెట్ ద్వారా కొన్న 193 ఆయుర్వేద మందులను అమెరికా పరిశోధకులు పరీక్షించగా, సుమారు అయిదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. ఈ అధ్యయనం 2008లో వెలువడినది. దీనిని ఆయుర్వేదంపై దాడిగా భావించి కినుక వహించేవారు కలరు. నేను వారితో ఏకీభవించను. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పెద్దలకు కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత తెచ్చిపెడుతుంది. శాస్త్రోక్తంగా మందు చేసేవాడు పరీక్షకు వెరవనక్కరలేదు.

మధుమేహాన్ని సమూలంగా పోగొడతామని, పిల్లల ఎత్తు పెంచుతామని ప్రకటించడం నేరం. 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం నిషేధించిన 54 అంశాల పట్టికలో ఈ రెండూ ఉన్నవి. ఆ మాట నమ్మి ఇన్సులిన్ మానివేసిన రోగికి చూర్ణం ఎంత సాధువైనదైనా ప్రాణగండమే. ఏండ్లనాటి కీళ్లనొప్పి మూడు రోజులలో మాయమైతే సంతోషించుటకు ముందు సందేహించండి. అట్టి పొడులలో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు అనేకం.

రోగి ఉన్నాడని వినగానే చేరి, తన గొప్పలు తానే చాటుకొనే వేషధారి వైద్యులను చరకుడు సూత్రస్థానంలో ‘రోగాభిసరులు’ అన్నాడు. వారు పూర్వం గడప ముందు నిలిచేవారు. నేడు సెల్‌ఫోనులో నిలుస్తున్నారు. వారికి చోటిచ్చిన సంస్థలు ‘మేము కేవలం అంగడి నడుపుతున్నాము, సరుకు మాది కాదు’ అంటున్నవి. సరుకు చూపి, డబ్బు స్వీకరించి, ఇంటికి చేర్చి, కమిషను పుచ్చుకొన్నవారికి బాధ్యత లేదనుట న్యాయం కాదు. లైసెన్సు చూడనిదే ఏ మందునూ అమ్మకానికి పెట్టరాదు.

గృహస్థులు ఈ జాగ్రత్తలు పాటించగలరు:

1. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, ద్రవ్యాల పట్టిక లేని మందును కొనరాదు.

2. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు వైద్యుని అడగకుండా ఏ మందూ ఇవ్వరాదు.

3. వాడుతున్న మందులను ప్రకటన చూసి మానరాదు.

4. మందు వికటిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డబ్బాను, మిగిలిన మందును వెంట తీసుకొని వెళ్లండి.

5. ప్రకటనను ఫోటో తీసి, రసీదుతో సహా అమ్మిన సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు కూడా ఫోను చేయవచ్చును.

ఫిర్యాదు చేయడం అల్లోపతి వైద్యుల పని అనుకొని మేము మౌనం వహించడం తగదు. ఆయుర్వేదం పేరుతో జరిగే మోసాన్ని మొదట ఖండించవలసినవారు ఆయుర్వేద వైద్యులే. అట్టి ప్రకటన మీ కంటబడితే మీకు తెలిసిన వైద్యునికి చూపండి. ఫిర్యాదుపై ఆయన సంతకం కూడా కోరండి.